చుట్టం, పాహుణా, మెహమాన్: ధర్మాబాద్ తెలుగువారి పిలుపు మాటలు

“పాహుణే ఆలే” అనే మరాఠీ వాక్యాన్ని తెలుగు చేయమంటే తరగతి గదిలో వచ్చే జవాబు “అతిథులు వచ్చారు” అని. నిఘంటువు చూసినా ఆ మాటే దొరుకుతుంది. అదే వాక్యాన్ని ధర్మాబాద్‌లో ఒక తెలుగు ఇల్లాలు పక్కింటామెతో మరాఠీలో అని, వెనక్కి తిరిగి తన పిల్లలతో అనేటప్పుడు “సుట్టాలొచ్చిన్రు” అంటుంది. ఈ రెండు జవాబుల్లో ఇల్లాలి జవాబే సరైనదని మా అభిప్రాయం. అది ఎందుకు సరైనదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది కేవలం ఒక మాటకు సంబంధించిన తగువు కాదు. తెలుగు నేలకు వెలుపల పుట్టి పెరిగిన విద్యార్థుల మనసులో ఒక జంకు ఉంటుంది. ఇంట్లో మాట్లాడేది అసలు తెలుగు కాదని, పుస్తకంలో కనిపించేదే తెలుగని వారు అనుకొంటారు. ఆ జంకుతోనే చుట్టాన్ని వదిలి అతిథిని, పిలుపును వదిలి ఆహ్వానాన్ని, లగ్గాన్ని వదిలి వివాహాన్ని పట్టుకొంటారు. అలా మార్చినప్పుడు మాటతోపాటు అర్థం కూడా మారిపోతుందన్న సంగతి గమనించరు. ఇంటికి ఎవరినైనా పిలిచే సందర్భంలో ఆ తేడా వెంటనే బయటపడుతుంది. అందుకే ఈ మాటలనే పరిశీలనకు తీసుకొన్నాం.

ఊరు, భాషలు

ధర్మాబాద్ మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న ఊరు. ఎండుమిర్చి వ్యాపారానికి పేరుపొందింది. సికింద్రాబాద్ - మన్మాడ్ రైలు మార్గంలో నాందేడ్ వైపు వెళ్తుంటే బాసర దాటిన తరువాత వస్తుంది. బాసర సరస్వతీ క్షేత్రం తెలంగాణలో ఉంది. ధర్మాబాద్ మహారాష్ట్రలో ఉంది. గోదావరి మాత్రం రెండింటికీ ఉమ్మడి. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు హైదరాబాదు రాజ్యంలో భాగం. అక్కడ పాలనా భాష ఉర్దూ. ప్రజల భాషలు తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లోకి, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళాయి. 1960 మే 1న మహారాష్ట్ర, 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాయి.

గీత మారినా వియ్యాలు మారలేదు. ధర్మాబాద్‌లో పెండ్లి జరిగితే నిజామాబాదు, నిర్మల్ వైపు నుంచి చుట్టాలు రావలసిందే. ఊళ్ళోని మరాఠీవారిని, ఉర్దూ మాట్లాడే ఇరుగుపొరుగువారిని కూడా పిలవవలసిందే. ఒకే పెండ్లికి మూడు భాషల్లో పిలుపు అందుతుంది. ఈ కారణంగా పిలుపుకు సంబంధించిన మాటలు ఇక్కడ ఒకదానితో ఒకటి ఒరుసుకొంటూ ఉంటాయి.

అతిథి ఎవరు?

ముందుగా ‘అతిథి’ని చూద్దాం. తిథి చూసుకొని రానివాడు, అంటే ఫలానా రోజున వస్తానని చెప్పకుండా వచ్చేవాడు అతిథి అని సంప్రదాయ వివరణ. మనుస్మృతి మూడవ అధ్యాయం ఒక్క రాత్రి మాత్రమే ఉండేవాడిని అతిథి అంటుంది. ఒకే ఊరివాడు అతిథి కాడని చెప్తుంది. కులభేదాన్ని పాటించిన ఆ గ్రంథంలోని తక్కిన నియమాల సంగతి అలా ఉంచితే, మనకు కావలసిన అంశం ఒకటి అక్కడ ఉంది. స్నేహితుడూ జ్ఞాతులూ కూడా అతిథులు కారని అది స్పష్టంగా పేర్కొంటుంది. వారికి అన్నం పెట్టవద్దని కాదు. వారిని పిలవవలసిన పేరు అది కాదని మాత్రమే.

అతిథి అనే మాటలో ఆదరం ఉంది, దూరమూ ఉంది. అతిథిని దేవుడిగా చూడమని తైత్తిరీయోపనిషత్తు చెప్పిందంటే, తెలియనివాడిని కూడా ఆదరించమని ఒక కట్టడి అవసరమైందన్నమాట. మేనమామను ఆదరించడానికి అలాంటి కట్టడి అక్కరలేదు. నేటి సభల్లో కార్డు వేసి, కబురు పెట్టి, కారు పంపి రప్పించుకొనే ‘ముఖ్య అతిథి’ పాత నిర్వచనం ప్రకారం అతిథే కాడు. అయితే మాటలు అర్థం మార్చుకోవడం సహజం కనుక దాన్ని తప్పు పట్టనక్కరలేదు. సభలో అతిథి సరైన మాటే. ఇంట్లోకి తెచ్చినప్పుడే చిక్కు.

చుట్టం, పాహుణా

‘చుట్టం’ అచ్చతెలుగు మాట. ‘చుట్టు’తో సంబంధం ఉన్నది. తమిళంలో ‘చుఱ్ఱు’ అంటే చుట్టడం, ‘చుఱ్ఱం’ అంటే బంధువర్గం. మన చుట్టూ ఉండేవారు చుట్టాలు. ఈ మాటకు తెలుగులో రెండు పనులు ఉన్నాయి. “ఆయన మాకు చుట్టం” అన్నప్పుడు బంధుత్వాన్ని చెప్తుంది. “ఇంటికి చుట్టాలొచ్చారు” అన్నప్పుడు ఇంటికి వచ్చి ఉన్నవారిని చెప్తుంది. “చుట్టపుచూపుగా వచ్చాడు” అన్న జాతీయంలో బంధుత్వం పలచబడి, కొద్దిరోజులు ఉండిపోయే రాక అన్న అర్థమే మిగిలింది. “చుట్టమై వచ్చి దయ్యమై పట్టుకొన్నట్లు” అన్న సామెత వెళ్ళవలసిన వేళకు వెళ్ళనివారిని ఎత్తిపొడుస్తుంది.

మరాఠీ ‘పాహుణా’ కూడా సరిగ్గా ఈ రెండు పనులే చేస్తుంది. ప్రాకృతంలో ఇది ‘పాహుణ’. హిందీ పల్లెమాటల్లోని ‘పాహున్’ దీనికి తోబుట్టువు. ఇంటికి వచ్చినవారు పాహుణే. పెండ్లి సంబంధం వల్ల కలిసినవారు కూడా పాహుణే. వారికి చేసే మర్యాద ‘పాహుణచార్’. కాబట్టి బంధుత్వాన్నీ రాకనూ ఒక్క మాటలో పట్టే పాహుణాకు తెలుగులో సరిసమానమైనది చుట్టమే. వియ్యాలవారు వచ్చినప్పుడు “అతిథులు వచ్చారు” అంటే, బంధువులను ఒక్క మాటతో పరాయివాళ్ళను చేసినట్లవుతుంది.

అయితే తేడా లేకపోలేదు. మరాఠీ పల్లెల్లో ముక్కూమొగం తెలియని మనిషిని కూడా “కాయ్ పావ్హణం, కుఠలం గావ్?” అని పలకరిస్తారు. మనవైపు మాటలో “ఏమయ్యా, ఏ ఊరు?” అన్నట్లు. అంటే పాహుణా పిలవడానికి కూడా పనికివస్తుంది. చుట్టం అలా పనికిరాదు. చుట్టాన్ని ఎదురుగా పిలవాలంటే బావా అనో, మామా అనో, వదినా అనో వరస కలిపి పిలవాలి. వరస కుదరని చోట అన్నా అనో, అక్కా అనో మనమే ఒక వరస కల్పిస్తాం. మరాఠీ ఆదరం ఒక్క మాటలో ఇమిడితే, తెలుగు ఆదరం వరసల్లో పరచుకొని ఉంది. ధర్మాబాద్ పిల్లలు ఈ రెండు పద్ధతులనూ బడికి వెళ్ళకముందే నేర్చుకొంటారు.

ఉర్దూ ‘మెహమాన్’ పారసీ నుంచి వచ్చింది. అందులో బంధుత్వం లేదు. ఇంటికి వచ్చిన వ్యక్తి ఎవరైనా మెహమానే. దానికి జంటగా ఇంటివారికి ‘మేజ్‌బాన్’ అన్న మాట కూడా ఆ భాషకు ఉంది. అతిథికి దగ్గరగా వచ్చేది ఇదే.

పిలుపు, దావతు, విందు

తెలుగులో కేకవేయడమూ పిలవడమే, పెండ్లికి రమ్మనడమూ పిలవడమే. మరాఠీ ‘బోలావణే’ కూడా రెండు పనులూ చేస్తుంది. ‘దావత్’ అరబ్బీ మాట. దాని మూలార్థం కూడా పిలుపే. ఉర్దూలో అది భోజనానికి పిలవడం, ఆ భోజనం అనే రెండు అర్థాలతో నిలిచింది. తెలంగాణ మాటలోకి వచ్చేసరికి పిలుపు వెనక్కి పోయి భోజనం ముందుకు వచ్చింది. “ఇయ్యాల దావతున్నది” అంటే భోజనం ఉన్నదనే. ఉద్యోగం వచ్చినవాడిని పట్టుకొని “దావతియ్యి” అంటే, పిలువు అని కాదు, ఖర్చు పెట్టుకొని తినిపించు అని.

పిలుపు భోజనంగా మారినట్లే, మనిషి కూడా భోజనంగా మారడం ఉంది. తమిళంలో ‘విరుందు’ అంటే కొత్తదనం, కొత్తగా ఇంటికి వచ్చినవారు, వారికి పెట్టే భోజనం. తిరుక్కుఱళ్‌లో వచ్చినవారిని ఆదరించడం గురించి చెప్పే తొమ్మిదవ అధ్యాయానికి పేరు ఈ మాటతోనే ఏర్పడింది. దీనికి బంధువైన తెలుగు ‘విందు’ నేటి వాడుకలో భోజనం వైపే స్థిరపడింది. తమిళంలో విరుందు వస్తుంది. తెలుగులో విందు పెడతాం.

ఇలాంటి మార్పులు మన ప్రాంతపు వింతలు కావని చూపడానికి ఒక దూరపు భాషను చూద్దాం. స్పానిష్‌లో ‘కొంబితె’ అంటే పిలవడం. పిలిచి పెట్టే విందు కూడా కొంబితెయే. దావత్ నడిచిన దారి ఇదే. ఆ భాషలో పిలవడానికి మామూలుగా వాడే క్రియ ‘ఇంబితార్’. పిలుపు అందుకొన్నవాడు ‘ఇంబితాదో’. హోటల్లో కూర్చున్నప్పుడు ఒకరు “యో ఇంబితో” అంటే, మాటకు మాటగా చూస్తే “నేను పిలుస్తున్నాను” అని. అసలు అర్థం మాత్రం “డబ్బు నేనిస్తాను” అని. స్పానిష్ చదివే తెలుగు విద్యార్థి దీన్ని ‘ఆహ్వానించు’ అని తెలుగు చేస్తే వాక్యం చెడుతుంది. ‘దావతిచ్చు’ అంటే అతికినట్లు సరిపోతుంది. బడిలో తప్పనిపించుకొన్న మాట పరాయి భాషను అర్థం చేసుకోవడానికి సాయపడడం గమనించదగినది.

ఆహ్వానం ఎక్కడ తిరగబడుతుంది?

సంస్కృతం నుంచి వచ్చిన మాటలు రెండు భాషలకూ ఉమ్మడి కాబట్టి అవి సురక్షితమని విద్యార్థులు నమ్ముతారు. నిజానికి ఎక్కువ జాగ్రత్త అవసరమైనవి అవే.

తెలుగులో ‘ఆహ్వానం’ మర్యాదగా రమ్మనడం. మరాఠీలో ‘ఆవ్హాన్’ అంటే సవాలు. మరాఠీ బడిలో చదివిన పిల్లవాడు “మీకిదే మా ఆహ్వానం” అన్న తెలుగు వాక్యాన్ని వింటే అతనికి మొదట తోచేది కయ్యానికి పిలవడమే. ఈ రెండర్థాలకూ సంస్కృతంలోనే మూలం ఉంది. పోటీకి పిలవడం అనే అర్థంలో ఆ ధాతువుకు ఎలాంటి రూపం రావాలో పాణిని ఒక సూత్రమే చేశాడు. ఒకే ధాతువు నుంచి తెలుగు పెండ్లి పిలుపును తీసుకొంది, మరాఠీ పోటీ పిలుపును తీసుకొంది. దీనికి తోడు మరాఠీలో ‘ఆవాహన్’ అని మరొకటి ఉంది. అది ప్రజలకు చేసే విజ్ఞప్తి. తెలుగులో ‘ఆవాహన’ పూజలో దేవుడిని రమ్మనడం.

రమ్మనడానికి మరాఠీలో వాడే మాటలు ‘ఆమంత్రణ్’, ‘నిమంత్రణ్’, పల్లెల్లో ‘ఆవతణ్’. వీటిలో మొదటి రెండింటికీ వ్యాకరణ సంప్రదాయం ఒక చక్కని తేడా చెప్పింది. నిమంత్రణం తప్పక రావలసిన పిలుపు. శ్రాద్ధ భోజనానికి మనుమడిని పిలవడం వంటిది. ఆమంత్రణం వచ్చినా రాకపోయినా అతని ఇష్టానికి వదిలిన పిలుపు. నేటి మరాఠీలో గానీ తెలుగులో గానీ ఈ తేడా మాటల్లో మిగలలేదు. అయితే ఆ తేడా పిలిచే పద్ధతిలో మిగిలి ఉందని మేము భావిస్తున్నాం.

పత్రిక చెప్తుంది, బొట్టు కట్టివేస్తుంది

తెలుగు ఇళ్ళలో శుభకార్యానికి ఆడవారిని పిలవాలంటే గడప దాకా వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి. మరాఠీవారిలో అక్షత ఇచ్చి పిలవడం ఉంది. పసుపు కుంకుమలు కలిపిన బియ్యం పెండ్లిలో వధూవరుల మీద వేయడానికి రెండు చోట్లా ఉన్నా, మరాఠీ సంప్రదాయంలో ‘అక్షత దేణే’ అంటే పెండ్లికి పిలవడమనే అర్థం కూడా ఉంది. మన పేరంటానికి దగ్గరగా వారికి ‘హళదీ కుంకూ’ ఉంది. మన వాయనం వంటిది వారికి ‘వాణ్’. సంక్రాంతి రోజుల్లో ధర్మాబాద్ వంటి ఊళ్ళో ఒకే గృహిణి రెండింటికీ వెళ్ళి రావడంలో వింతేమీ లేదు. “పిలవని పేరంటం” అన్న జాతీయాన్ని మరాఠీ పొరుగామెకు విప్పి చెప్పనక్కరలేదు.

అచ్చువేసిన పత్రిక వీటికి తరువాత వచ్చి చేరింది. తెలుగు శుభలేఖలో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అన్నది ఎలా తప్పనిసరో, మరాఠీ పత్రికలో ‘సహకుటుంబ, సహపరివార్’ అన్నదీ అలాగే తప్పనిసరి. పైకి ఒకే రకంగా కనిపించే ఈ పత్రికల్లో కూడా ఒక మాట దగ్గర ఆగాలి. మరాఠీలో ‘లగ్న’ అంటే పెండ్లి. తెలంగాణ మాటలో ‘లగ్గం’ కూడా పెండ్లే. కోస్తావారికి ‘లగ్నం’ అంటే ముహూర్తానికి సంబంధించిన జ్యోతిష పదం. ధర్మాబాద్ కుర్రవాడు తన లగ్గాన్ని ‘శుద్ధి’ చేసి “లగ్నానికి రండి” అని గుంటూరు మిత్రుడికి రాస్తే, అతడు ముహూర్తం వేళకు వస్తే చాలని అనుకోవచ్చు. లగ్గం అని ఉన్నదున్నట్లు రాస్తే ఒకవేళ అడిగి తెలుసుకొంటాడు. తప్పుగా మాత్రం అర్థం చేసుకోడు.

ఇక్కడ అసలు విషయం మరొకటి ఉంది. “కార్డు పంపారు గానీ పిలవలేదు” అన్న నిష్ఠూరం ప్రతి తెలుగు కుటుంబానికీ తెలిసిందే. కార్డు అందినా పిలుపు అందలేదని ఎలా అంటారు? కార్డు కబురు చెప్తుంది. బొట్టు, నోటిమాట మనిషిని కట్టివేస్తాయి. పాత వ్యాకర్తల తేడాను ఇక్కడికి తెచ్చుకొంటే, కార్డు ఆమంత్రణం, బొట్టు నిమంత్రణం. ఈ తేడా తెలియక కార్డుతో సరిపెట్టినచోట రాకపోకలు తెగిన ఇళ్ళు ఉన్నాయి.

భాష దృష్ట్యా కూడా ఇది ముఖ్యమైనది. మహారాష్ట్రలో స్థిరపడిన తెలుగు ఇళ్ళలో పిల్లలు మరాఠీ బడుల్లో చదువుకొని తెలుగు లిపి చదవలేకపోవడం మామూలు. అలాంటి ఇంటి పెండ్లిపత్రిక మరాఠీలో అచ్చవుతుంది. అయినా సరిహద్దు దాటి నిజామాబాదు పిన్నిని పిలవడానికి వెళ్ళినప్పుడు నోటిమాట తెలుగులోనే చెప్పాలి. లిపి పోయిన ఇంట్లో కూడా పిలుపు తెలుగును నిలబెడుతోంది. ఆ నోటిమాటకు వాడే చుట్టం, లగ్గం, దావతు వంటివాటిని తప్పులని మనమే కొట్టివేస్తే, ఆ ఇంటివారికి తెలుగులో పిలవడానికి మాటలే మిగలవు.

పిలిచినవారికి పేరేది?

పిలిపించుకొన్నవారికి ఇన్ని పేర్లున్న తెలుగులో పిలిచినవారికి వాడుకలో పేరు లేదు. ‘ఆతిథేయి’ పుస్తకాల మాట. ఇంట్లో ‘ఇంటివాళ్ళు’, ‘పెండ్లివారు’, ‘పిలిచినవాళ్ళు’ అని సరిపెట్టుకొంటాం. మరాఠీకి ‘యజమాన్’ ఉంది. దాన్ని విని ‘యజమాని’ అనుకొంటే పొరపాటు. తెలుగు యజమాని సొత్తు కలవాడు, పనివాళ్ళ మీద అధికారం కలవాడు. మరాఠీ యజమాన్ విందు ఇచ్చే ఇంటి పెద్ద. భార్య భర్తను గురించి చెప్పేటప్పుడు కూడా ‘ఆమచే యజమాన్’ అంటుంది. సంస్కృతంలో యజ్ఞం చేయించేవాడు యజమానుడు. ఇద్దరూ అక్కడి నుంచి వచ్చినవారే.

స్పానిష్‌లో ఈ పేరు నాటకరంగం నుంచి వచ్చింది. విందు ఇచ్చేవాడిని ‘అన్ఫిత్రియోన్’ అంటారు. అది గ్రీకు పురాణగాథల్లోని ఆంఫిత్రియోన్ పేరు. ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ 1668లో అతని కథతో రాసిన నాటకం వల్ల ఆ పేరుకు విందు ఇచ్చేవాడన్న అర్థం స్థిరపడింది. అంతకన్న ఆసక్తికరమైనది ‘ఉవెస్పెద్’. నేడు అది బసచేసిన వ్యక్తి. ఒకప్పుడు బస ఇచ్చినవాడికీ, బస పొందినవాడికీ అదే పేరు. దాని మూలమైన లాటిన్ ‘హోస్పెస్’లోనే రెండర్థాలూ ఉన్నాయి.

ఒకే మాట ఇచ్చేవాడికీ పుచ్చుకొనేవాడికీ ఎలా చెల్లుతుంది? చుట్టాన్ని తలచుకొంటే సమాధానం దొరుకుతుంది. నేను నీకు చుట్టాన్నైతే నువ్వూ నాకు చుట్టానివే. ఈ ఏడు ధర్మాబాద్ వారింట బాసరవారు చుట్టాలు. వచ్చే ఏడు బాసరవారింట ధర్మాబాద్ వారు చుట్టాలు. పాహుణే కూడా అంతే. అతిథి మాత్రం ఒకవైపు మాట. అతడు వచ్చి వెళ్తాడు; మనం అతనికి అతిథులం కామని ఆ మాటలోనే ఉంది. తెలుగులో పిలిచినవారికి ప్రత్యేకమైన పేరు లేకపోవడం లోటు కాదని, రెండువైపులా చెల్లే మాట ఉండడం వల్ల దాని అవసరం అంతగా కలగలేదని మా ఊహ.

వెళ్ళేటప్పుడు

వచ్చినవారు వెళ్ళేటప్పుడు తెలుగులో “పోతున్నా” అనరు. “పోయొస్తా” అంటారు. మరాఠీలో అసలు పోవడం మాటే ఎత్తకుండా “యేతో” అంటారు. వస్తాను అని దాని అర్థం. తమిళులు కూడా పోయి వస్తామనే అంటారు. వెళ్ళే మాటలోనే తిరిగి వచ్చే మాట ఉండాలన్నది ఈ భాషలన్నిటి మర్యాద. చుట్టరికం ఒక్కసారితో తీరేది కాదన్న నమ్మకం దీనికి ఆధారం.

విద్యార్థులకు మా సూచన ఒక్కటే. మీ ఇంట్లో జరిగే రాబోయే శుభకార్యానికి ఎవరిని ఏ మాటతో పిలిచారో రాసిపెట్టండి. పిలిచింది ఎవరు, ఎవరిని, ఏ భాషలో, బొట్టుతోనా, అక్షతతోనా, పత్రికతోనా, ఫోనులోనా అన్న వివరాలు పక్కన చేర్చండి. అమ్మమ్మ వాడిన మాటను దిద్దకుండా విన్నది విన్నట్లే రాయండి. అందులో తప్పనిపించిన ప్రతి మాట దగ్గరా ఆగి, దాని బదులు పుస్తకం మాట పెడితే పిలుపు అందుకొన్న మనిషి దగ్గరవుతాడా, దూరమవుతాడా అని ఒకసారి ఆలోచించండి. దూరమయ్యేటట్లయితే అమ్మమ్మ మాటనే ఉంచండి.